నడిచేవాడి ఫొటో

సరితకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. నడవలేని కొడుకు తలలో ఉన్న దెబ్బ నడిచే కొడుకు తలలోనూ ఉందని తేలుతుందేమోనని.

ఆమెకు కవలలు. ఏడో నెలలోనే పుట్టారు. ముందు నవీన్, వాడి వెనకే డేవిడ్. ఇప్పుడు ఆరేళ్లు. నవీన్ మల్దకల్ సందుల్లో కుక్కపిల్లల వెంట పరుగెడుతుంటాడు. డేవిడ్ కాళ్లు కత్తెరలా బిగుసుకుని ఉంటాయి, ఎవరైనా ఎత్తుకుంటే తప్ప గడప దాటడు. నోరు మాత్రం ఊరంతా తిరిగొస్తుంది. తండ్రి పుణె దగ్గర బిల్డింగు పనిలో ఉన్నాడు. సరిత పత్తి విత్తనపు చేలల్లో పూలకు పుప్పొడి అద్దే క్రాసింగ్ కూలికి పోతుంది. ఆమె పోయినప్పుడు పిల్లలను చూసుకునేది అత్త ఎస్తేరమ్మ.

గద్వాలలో పిల్లల క్యాంపు పెట్టినప్పుడు రేఖ డాక్టరమ్మ కలిసింది. ఇలాంటి పిల్లల మెదడును ఎమ్మారైలో ఫొటో తీసి పరిశోధన చేసేవాళ్లలో ఆమె ఒకరు. మెదడు లోపల తెల్లని పదార్థం ఉంటుందట. కాళ్లకూ చేతులకూ కబురు మోసే తీగలన్నీ అందులోంచే పోతాయట. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు దెబ్బ ఎక్కువగా తగిలేది అక్కడేనట. డేవిడ్‌కు తీయడానికి సరిత వెంటనే ఒప్పుకుంది. అప్పుడు డాక్టరమ్మ మెల్లగా ఇంకో మాట అడిగింది. నవీన్‌కు కూడా తీస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చని, బలవంతమేమీ లేదని, వద్దన్నా డేవిడ్ వైద్యం ఆగదని చెప్పింది.

ఎస్తేరమ్మ ఆ మాట చెవిన పడనీయలేదు. "మంచిగ తిరిగెటోని తలకాయల కట్టె పెట్టి కెలుకుడెందుకే?" అంది.

సరితకూ అదే నిజమనిపించింది. కానీ ఈ మధ్య నవీన్ పరుగులో ఎడమ కాలు నేలకు రాసుకుని పడుతున్నాడు. బళ్లో పంతులమ్మ వాడి అక్షరాలు గీత మీద నిలవడం లేదని చెప్పింది. ఆ రెండూ సరిత లోపల ముల్లులా కదులుతూనే ఉన్నాయి. చూడకపోతే లేనట్టేనా? చివరికి సరేనంది.

స్కానింగుకు వనపర్తి పోయారు, డాక్టరమ్మ కూడా వచ్చింది. డేవిడ్‌ను మందుతో నిద్రపుచ్చి తీశారు. నవీన్ మెలకువతోనే కదలకుండా పడుకోవాలి. చెవుల్లో దూది పెట్టారు, చప్పుడు ఎలా ఉంటుందో ముందే వినిపించారు. తీరా బల్ల మీద పడుకోబెట్టబోతే వాడు దిగి తలుపు పట్టుకున్నాడు. ట్రాక్టరు మీద కూర్చుండేటోనివి దీనికి భయపడ్తవా అని స్కానింగు అతను నవ్వించబోయాడు. వాడు నవ్వలేదు. సరిత వాణ్ని బయటికి తెచ్చి మెట్ల మీద కూర్చోబెట్టుకుంది. చప్పుడుకేనా భయం అని అడిగితే కాదన్నట్టు తల ఊపాడు. తర్వాత వాడే అడిగాడు.

"అమ్మా, డేవిడ్‌ది నా తలల కనబడ్తదా?"

"ఏందిరా కనబడేది?"

"బలం. కడుపుల ఉన్నప్పుడు వానిది నేను తిన్నది. కనబడ్తె తీసి వానికి పెడ్తరా?" మళ్లీ తనే అన్నాడు, "పెట్టనీ. నాకు బడికి పోయేటంత ఉంచమను."

సరిత వాడి ముఖం తన వైపు తిప్పుకుంది. వీడికి ఇదెవరు చెప్పారు? ఎవరు చెప్పలేదని! స్నానం పోసేటప్పుడు ఎస్తేరమ్మ, వాకిట్లోకొచ్చిన ప్రతి చుట్టమూ. తమ్ముని వాటా లోపలనే మింగి బయటికొచ్చిండు వీడు అని పరాచికమాడేవాళ్లు. సరిత కూడా వాళ్లతో పాటు నవ్వేది. నవ్వితే మాట అక్కడితో పోతుంది కదా. అది ఎక్కడికీ పోలేదు, వీడి లోపలికి పోయి కూర్చుంది.

ఆమె సర్దిచెప్పలేదు. డాక్టరమ్మను పిలిచి, నన్నడిగింది ఈమెనే అడుగు అని వాడికి చెప్పింది. డాక్టరమ్మ కింద కూర్చుని విన్నది. కడుపులో ఇద్దరికీ తిండి అందించే మాయలు వేరువేరని, ఎవరి తిండి వాళ్లదేనని చెప్పింది. వాడు నమ్మలేదు.

"మిషన్ల చూసి చెప్పు," అన్నాడు.

ఆ తర్వాత వాడు దుంగలా కదలకుండా పడుకున్నాడు.

కొన్నాళ్లకు డాక్టరమ్మ గద్వాలకు ఫొటోలు తెచ్చింది. అందరూ పోయారు. డేవిడ్ ఫొటోలో మధ్యన తెల్లని పదార్థం బాగా పలచబడి ఉంది. నవీన్ ఫొటోలోనూ అదే చోట, ఒక పక్కన, చిన్న మచ్చ ఉంది. సరిత ఏ మాట వినకూడదనుకుందో అదే విన్నది. కాలు రాసుకోవడం దానివల్లే కావచ్చు, రాతకు కొంచెం సాయం కావాలి, కనిపెట్టుకుని ఉండాలి అంది డాక్టరమ్మ. డేవిడ్ నడుస్తాడా అని ఆమె అడిగితే, ఫొటో చూసి ఆ మాట చెప్పలేమంది.

నవీన్ వేలు మచ్చ మీదే ఉంది. "ఇదేనా నేను తిన్నది?"

"తిన్నోనికి దెబ్బెందుకు తగుల్తదిరా?" అంది డాక్టరమ్మ. "తొందరగ పుట్టిన్రు గద, ఇద్దరికీ తగిలింది. వానికి ఎక్కువ, నీకు తక్కువ."

వాడు ఫొటోను తమ్ముడి ముఖం దగ్గరికి తీసుకుపోయాడు. "నాకు గూడ ఉన్నదిరా."

డేవిడ్ రెండూ చూసి, "నాదే పెద్దగున్నది," అన్నాడు.

ఎస్తేరమ్మ బస్సులో దారి పొడుగునా నవీన్ ఎడమ కాలు ఒళ్లో పెట్టుకుని పిసుకుతూ కూర్చుంది. సరిత కళ్లు తుడుచుకుంది. భయం తీరలేదు. కానీ ఇంతకాలం భయపడుతున్నది తానొక్కతే అనుకుంది, వీడూ భయపడుతూనే ఉన్నాడు.

ఇప్పుడు సరిత డేవిడ్ కాళ్ల వ్యాయామం కోసం నాగర్‌కర్నూల్‌లో ఉంటోంది. నవీన్ అవ్వ ఎస్తేరమ్మ దగ్గరే ఉన్నాడు. ఫోన్ చేసినవాళ్లందరూ డేవిడ్ ఎట్లున్నడు అనే అడుగుతారు. నడిచేవాడి గురించి ఎవరడుగుతారు? మల్దకల్ గుడికి మీరెప్పుడైనా పోతే, ఎస్తేరమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. నవీన్ బడి నుంచి వచ్చే వేళకు పోయి, వాడి పక్కన కాసేపు కూర్చోండి. ఎలా ఉన్నాడో ఒకసారి చూసి రండి.