అన్నయ్య వంతు

ఏసురత్నం సికింద్రాబాద్ వచ్చాడంటే చెల్లెలు కాంతమణి పొయ్యి వెలిగించే పనే ఉండేది కాదు. నరసాపురంలో తెలుగు మాస్టారుగా రిటైరైన మనిషి. ఊరు చూడ్డమంటే ఆయన లెక్కలో ఊరు తినడమే. గడియారస్తంభం ఎవరు కట్టించారో ఆయనకి తెలీదు గానీ, దాని చుట్టుపక్కల ఏ హోటల్లో ఏ వేళకి సమోసాలు దించుతారో మాత్రం కంఠతా వచ్చు.

ఈసారి రాక తిండి కోసం కాదు. నాలుక మీద పుండు ఎంతకీ మానకపోతే పరీక్షలు చేయించారు. క్యాన్సర్ అన్నారు. సోమవారం ఆపరేషన్. నాలుక సగానికి పైగా తీసేయాలని, ఆ తర్వాత రుచీ మాటా ఏపాటి మిగులుతాయో ఇప్పుడే చెప్పలేమని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. చిలకలగూడలో చెల్లెలింట్లో దిగిన ఏసురత్నం, శనివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

"పదవే మణీ. ఈ నాలుక ఉండగానే ఊరంతా ఓసారి తినొచ్చేద్దాం."

మాట ముద్దముద్దగా వచ్చింది గానీ హుషారుకేం తక్కువ లేదు. కాంతమణికి మాత్రం చిక్కొచ్చిపడింది. ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమదినాలు మొదలైన రోజున ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, అన్నయ్య నాలుక బాగయ్యేదాకా మాంసం, టీ, తీపి ముట్టనని దేవుడికి మాటిచ్చేసింది. ఆ సంగతి అన్నయ్యకి చెప్పేస్తే పోయేదే. కానీ ఉపవాసం సంగతి నలుగురికీ తెలిస్తే దాని ఫలం అక్కడితో సరి అని చిన్నప్పుడు నాన్న నేర్పాడు. కడుపు కాలుతున్నా తలకి నూనె రాసుకుని, మొహం కడుక్కుని, నవ్వుతూ తిరగాలి. అందుకే మొగుడు నోవహుకి కూడా గ్యాస్ అనే చెప్పింది. దేవుడికి మాటిచ్చే ముందు కాస్త వెనకాముందూ చూసుకోవాలి నిజమే. భయంతో వణికిపోయే మనిషికి అంత తెలివి ఎక్కణ్ణించి వస్తుంది?

అన్నయ్య తింటాడు, నేను పక్కన కూర్చుంటాను, అంతేగా అనుకుని బయల్దేరింది.

స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో టీ వచ్చింది. ఏసురత్నం ఒక్క గుక్క తాగి కప్పు కింద పెట్టేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చల్లారాక మళ్ళీ ప్రయత్నించాడు. ఉస్మానియా బిస్కెట్టు ముంచుకుంటే దాని ఉప్పు పుండుకి తగిలి దవడ పట్టుకున్నాడు.

"నువ్వు తాగవేం?" అన్నాడు కాసేపటికి.

"గ్యాస్ అన్నయ్యా."

"నీకు గ్యాసేంటే? రాళ్ళు తిని హరాయించుకునేదానివి!"

కాంతమణి నవ్వింది. నవ్వాలి కదా మరి.

అక్కణ్ణించి మోండా మార్కెట్. మిఠాయి కొట్లో వేడివేడి జిలేబీ తుంచి నోట్లో వేసుకున్న ఏసురత్నం, అటు తిరిగి రుమాల్లోకి ఊసేశాడు. రుమాలు మీద ఎర్రటి మరక. చెల్లెలు చూడకూడదని గబగబా మడిచి జేబులో కుక్కుకున్నాడు. ఆవిడ చూసింది. చూసి, పక్క కొట్లో ద్రాక్షపళ్ళు బేరమాడుతున్నట్టు నిలబడింది. అంతకంటే ఏం చెయ్యగలదు?

మధ్యాహ్నం బిర్యానీ హోటల్లో కూర్చున్నారు. ప్లేటు ముందుకొచ్చాక ఏసురత్నం కళ్ళు మూసుకున్నాడు. ఆయన భోజనం ముందు ప్రార్థన మొదలెడితే కూరలు చల్లారిపోతాయని చుట్టాలందరూ ఆటపట్టిస్తారు. ఇవాళ "స్తోత్రం ప్రభువా" అని ఊరుకున్నాడు. నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకున్నాడు. మసాలా మంటకి మనిషి మొత్తం ముడుచుకుపోయాడు.

సర్వరు వచ్చాడు. "ఏందమ్మా, గిట్లనే కూసున్నరు? సల్లారిపోతది, తినుండ్రి."

అతను వెళ్ళేదాకా ఆగి, ఏసురత్నం ప్లేటు చెల్లెలి వైపు జరిపాడు.

"నా వల్ల కాదే మణీ. నువ్వు తిను. తిని ఎలా ఉందో చెప్పు. మనిద్దరం ఒక్క కంచంలో తిన్నవాళ్ళమేగా. నీ నోటితో తింటాను."

కాంతమణి ఇరుక్కుపోయింది. తిందామంటే ఇచ్చిన మాట పోతుంది. ఎల్లుండి సోమవారం ఏదైనా జరిగితే, ఈ ముద్ద వల్లే అయిందని జన్మంతా తనని తనే తిట్టుకోవాలి. ఎందుకు తినడం లేదో చెబుదామంటే, చెప్పిన క్షణంలోనే ఆ ఉపవాసం ఉత్తిదైపోతుంది. గ్యాస్ అని మళ్ళీ తప్పించుకుందామంటే, ఎదురుగా అన్నయ్య మొహం, అన్నం కోసం కూర్చున్న పసివాడి మొహంలా ఉంది. ప్రభువా, నన్నేం చెయ్యమంటావు అని లోపల అడిగింది. అడుగుతుంటేనే కోపమొచ్చింది ఆవిడకి. దేవుడి మీదో, తన మీదో తెలీలేదు.

ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

"ఎలా ఉందే?"

భయానికి ఆవిడకి రుచే తెలియలేదు. గడ్డి తిన్నట్టుంది. అయినా చెప్పింది.

"అన్నం పొడిపొడిగా ఉందన్నయ్యా. ముక్క ఎముకకి అంటుకోకుండా ఊడొచ్చేసింది. కారం కాస్త వెనకాల తగులుతోంది."

"నెయ్యి?"

"ఉంది. వేళ్ళకి జిడ్డు తెలుస్తోంది."

"యాలక్కాయ తగిలిందా?"

"తగిలింది."

ఏసురత్నం కళ్ళు మూసుకున్నాడు. దవడలు మెల్లగా కదిలాయి. పొద్దున్నించి నొప్పితో బిగుసుకున్న మొహం కాస్త తేటపడింది. నోట్లో ఏమీ లేకుండానే గుటక వేశాడు. ఆ గుటకకి కూడా నొప్పి పుట్టి బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"నాకిక భయం లేదే మణీ," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఆపరేషన్ అయ్యాక కూడా ఇంతే. నువ్వు తింటావు, నేను పక్కన కూర్చుంటాను. ఆగిపోయావేం? ఇంకో ముద్ద పెట్టుకో."

కాంతమణి పెట్టుకుంది.