ఎనభై ఏడు నాటి నల్ల ద్రాక్ష

నూరుద్దీన్ గుత్తి అడుగున ఉన్న పండొకటి తెంపి, గోటితో చీల్చి, గింజను అరచేతిలో వేసుకొని చూశాడు. గింజ ఇంకా పచ్చగానే ఉంది. తోలు పలచన, లోపలంతా నీళ్లు. నోట్లో వేసుకొని, ఉమ్మేసి, తరువాతి వరుసకు నడిచాడు.

షాద్‌నగర్ అవతల ఆ నాలుగెకరాల నల్ల ద్రాక్షతోటకు పదహారేళ్లుగా అతనే మాలి. పందిరి కింద తలెత్తి పనిచేసీ చేసీ మెడ వెనక్కి వాలిపోయింది. మైలుతుత్తం మందు కొట్టీ కొట్టీ గోళ్ల చుట్టూ నీలిరంగు నిలిచిపోయింది. తోట పండంతా వెనక షెడ్డులో ఎర్ర వైను అవుతుంది. అతడు ఏనాడూ చుక్క ముట్టలేదు. అయినా ఏ ఏటి సరుకు ఎట్లా ఉంటుందో పీపాలో పోయకముందే చెప్పగలడు. నిరుడు అక్టోబరులో కొమ్మలు కత్తిరించగానే ముసురు పట్టింది. ఆకుకు బూజు వచ్చింది. పండు ఉబ్బిందిగాని రంగు పట్టలేదు. ఇప్పుడు తొంభై మార్చిలో మళ్లీ మబ్బులు. పది రోజులు ఎండ కాయకపోతే రసం పలచగానే దిగుతుంది.

పదకొండు గంటలకు జీపు వచ్చింది. తోట యజమాని అమరేందర్, పట్నం నుంచి వచ్చిన వైను వ్యాపారి దిగారు. పందిరి కింద కుర్చీలు వేసుకొని ఎనభై ఏడు నాటి సీసా తెరిచారు. వ్యాపారి గ్లాసును వెలుగుకు పట్టి చూశాడు. గుటక వేసి కళ్లు మూసుకున్నాడు.

"ఎంత చిక్కగా ఉందండీ! చాలా మంచి ఏడాది అయ్యుంటుంది."

"కరువు ఏడాది సార్." అమరేందర్ నవ్వాడు. "తీగ దూపతోని అల్లాడితేనే పండు గట్టిపడ్తది. మల్ల గసుంటి ఏడాది రావాలె. నూరుద్దీన్! ఇయ్యాల్టి సంది నీళ్లు బంద్ పెట్టు. గప్పటి లెక్కనే చెయ్యి."

పక్క వరుసలో కుళ్లిన పండ్లు కత్తిరిస్తున్న నూరుద్దీన్ చేతిలో కత్తెర ఆగిపోయింది.

ఆ ఏడాది ఊళ్లో బావులన్నీ ఎండిపోయాయి. తోట బావిలో మాత్రం నడుము లోతు నీళ్లుండేవి. అవి తీగలు చచ్చిపోకుండా అప్పుడప్పుడూ తడపడానికే. బిందెలతో వచ్చే ఆడవాళ్లను రానివ్వొద్దని అమరేందర్ హుకుం. గేటుకు తాళం వేసింది నూరుద్దీనే. ఒకరోజు వాళ్ల మధ్య అతని భార్య ఇక్బాల్ బీ కూడా నిలబడింది. ఆమె ఒక్కతెకు తెరిచి మిగతావాళ్లకు మొహం ఎట్లా చూపించాలని తెరవలేదు. ఆమె బిందె ఎత్తుకొని వెనుదిరిగింది. రెండు మైళ్ల అవతలి వాగు ఇసుకలో తవ్విన చెలిమెకు పోయింది. మిట్టమధ్యాహ్నం తిరిగివస్తూ ఎండదెబ్బకు దారిలో పడిపోయింది. దవాఖానకు చేరేలోగా ప్రాణం పోయింది. ఆ వారమే కోత. రేగుగింజలంత పండ్లు, సిరాలాంటి రసం.

"మంచి ఏడాదా?" అన్నాడు నూరుద్దీన్.

"ఏంది?" అమరేందర్ తిరిగి చూశాడు.

"నా ఇక్బాల్ బీ నీళ్లు దొర్కక సచ్చిన ఏడాది గది, పటేలా. తీగకు దూపయితే మీకు సీసా వచ్చింది. మనిషికి దూపయితే ఏమొచ్చింది? చెప్పుండ్రి!"

"జర మెల్లగ. సారు ఉన్నడు."

"ఉండనీ. ఆయన గూడ ఇననీ. మీరు చెప్పిన్రు, నేను తాళమేసిన. నా చేతులిరగ! గా పాపం మూడేండ్ల సంది నన్ను తింటాంది. మీకేమో మల్ల గసుంటి ఏడాదే కావాల్నా?"

వ్యాపారి గ్లాసు కింద పెట్టేశాడు. అమరేందర్ మొహం కందగడ్డలా అయింది. "పని చేసుడు ఇష్టం లేకుంటే పో!"

ఎదుటి గుత్తిలో కుళ్లిన పండ్లు ఇంకా నాలుగు మిగిలాయి. నూరుద్దీన్ వాటిని ఒక్కొక్కటే కత్తిరించి పారేశాడు. కత్తెరను లుంగీకి తుడిచి, బల్లమీద సీసా పక్కన పెట్టాడు. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి బయటికి నడిచాడు. పాలమూరు పోయే బస్సు ఆపి ఎక్కాడు. మళ్లీ రాలేదు.

సాయంత్రం వాన దిగింది. చివరి వరుసలో పందిరిని మోసే రాతి కడీకి అతడు పొద్దున తగిలించిన సద్దిమూట, ముడి వీడకుండానే, తడుస్తూ ఉంది.