ఉమామహేశ్వరం సరిచేసిన మఫ్లరు

అల్లికలో వంకర కనబడితే ఉమామహేశ్వరానికి ఒళ్లు మండిపోతుంది. ఆ అల్లిక తనది కానక్కర్లేదు. ఒకసారి బస్సులో ముందు సీటావిడ స్వెట్టరు భుజం మీద జారిన కుట్టు చూసి, యానాం నుంచి కాకినాడ దాకా కుదురుగా కూర్చోలేకపోయింది. అలాంటి మనిషి చేతిలో పెట్టారు లక్ష్మణరావుగారిని!

ఆయన కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. పక్షవాతం తగిలి కుడిచెయ్యి పట్టు తప్పింది. వేళ్లకి ఏదో ఒక పని కల్పించమని డాక్టరు చెబితే, ఆయన భార్య కామేశ్వరి ఎదురింట్లో ఉండే ఉమామహేశ్వరం దగ్గరికి వచ్చింది.

"ఆడపిల్లలకి అల్లికలు నేర్పుతున్నావు కదా వదినా, ఈయనక్కూడా ఏదో ఒకటి నేర్పు. పొద్దస్తమానం గోడలు చూస్తూ కూర్చుంటున్నారు."

"దానికేం భాగ్యం, పంపించు వదినా" అంది ఉమామహేశ్వరం.

ఆయన కోసం నిజంగానే బుర్ర పెట్టి ఆలోచించింది. యానాం చలికి కొండమీది స్వెట్టర్లు దేనికి? పుష్యమాసంలో తెల్లారగట్ల గోదావరి మీంచి కొట్టే గాలికి మెడా చెవులూ కప్పే మఫ్లరు చాలు. నీలం ఊలు, లావుపాటి సూదులు, మొదటినుంచీ చివరిదాకా ఒకటే కుట్టు. మొదటి కొస దగ్గర మాత్రం తనే అల్లి చిన్న చీలిక వదిలింది. రెండో కొస అందులో దూర్చి లాగితే ముడితో పనిలేదు, ఒంటిచేత్తో వేసుకోవచ్చు. ఆ ఆలోచనకి తనలో తనే మురిసిపోయింది.

రోజూ పొద్దున్నే ఆయన వచ్చి ఉమామహేశ్వరం వాళ్ల అరుగు మీద కూర్చుని, చెమటలు కక్కుతూ అల్లేవారు. ఉన్న కుట్లు జారిపోయేవి, లేనివి పుట్టుకొచ్చేవి. ఒకచోట పొట్ట వచ్చేది, ఒకచోట నడుము సన్నబడేది. ఊలు సంచీ మోయలేక అల్లిక అక్కడే వదిలి వెళ్లేవారు. అదే కొంప ముంచింది. నేర్చుకోవడానికొచ్చిన ఆడపిల్లలు దాన్ని చూసి ముసిముసిగా నవ్వుకుంటుంటే ఉమామహేశ్వరానికి తల కొట్టేసినట్టయింది. ఆయన అటు వెళ్లగానే ఆ పూట అల్లిందంతా విప్పేసి, అన్నే వరసలు నున్నగా తను అల్లి పెట్టేసింది. మర్నాడూ అంతే. ఇక అదే అలవాటైపోయింది.

లక్ష్మణరావుగారికి చూపు అంతంతమాత్రం. రాగానే ఎడంచేత్తో తడిమి చూసుకునేవారు.

"ఏంటమ్మా, నిన్న చెత్తగా అల్లాననుకున్నాను. బానే వచ్చిందే!"

"మిమ్మల్ని మీరే తక్కువ చేసుకుంటారండి అన్నయ్యగారూ" అనేది, సిగ్గులేకుండా.

చెయ్యి తిరిగొచ్చేసిందని ఆయన టీకొట్టు దగ్గర అందరికీ చెప్పుకున్నారు. అది విన్నాకైనా నోరు తెరిచిందా? లేదు. పుణ్యం చేశాననుకుంది మహాతల్లి!

ఇంతలో దరియాలతిప్పలో చుట్టాలింట్లో పెళ్లొచ్చి ఉమామహేశ్వరం వారం రోజులు వెళ్లింది. అల్లిక ఆగకూడదని ఆయన మఫ్లరు తన ఇంటికి పట్టుకెళ్లారు.

తిరిగొచ్చేసరికి ఎదురింటి ముందు అద్దె సుమో ఉంది. ముందు సీట్లో లక్ష్మణరావుగారు కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నారు. కామేశ్వరి కళ్లు వాచిపోయున్నాయి.

"కాకినాడ ఆస్పత్రికి వదినా. పక్షవాతం మళ్లీ వచ్చేలా ఉంది. ఇదిగో చూడు!"

మఫ్లరు చూపించింది. అంతా నున్నగా ఉండి, చివర జానెడు మాత్రం చిల్లులూ వంకరలూ.

"మీ అరుగు మీద అంత బాగా అల్లిన మనిషి వారంలో ఇలా అయిపోయారు."

"మళ్లీ పడిపోతోందమ్మా చెయ్యి" అన్నారాయన. "ఈసారి కాలు కూడా పోద్దేమో."

ఉమామహేశ్వరానికి మొదట ఒకటే తోచింది. వెళ్లనిస్తే సరి, ఏమీ లేదని డాక్టరే చెబుతాడు, తన సంగతి ఎవరికి తెలుస్తుంది? అలా అనిపించినందుకు తనమీద తనకే రోత పుట్టింది. ఆయన మొహంలో చావుభయం కనబడుతోంది.

"దిగండి అన్నయ్యగారూ. అంతకుముందుది మీరల్లింది కాదండి. నేనల్లింది. మీరు వెళ్లాక రోజూ విప్పేసి మళ్లీ అల్లేదాన్ని."

కామేశ్వరి చేతిలో సంచీ కిందపడేసి ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది.

"నా ప్రాణం లేచొచ్చింది వదినా! చల్లగా ఉండు!"

చెంప పగలగొట్టినా బావుండేది. ఉమామహేశ్వరం చేతులు వెనక్కి లాక్కుంది.

లక్ష్మణరావుగారు మఫ్లరు అందుకున్నారు.

"ఇందులో నేనల్లిందెంతమ్మా?"

ఆమె ఆయన వేలు పట్టుకుని ఆ వంకర ముక్క మీద పెట్టింది. "ఈ జానెడండి."

"మిగతాదాంట్లో ఒక్క వరసైనా?"

ఇక అబద్ధమాడడానికి ఆమెకి మొహం చెల్లలేదు. "లేదండి."

ఆయన ఆ జానెడూ నెమ్మదిగా తడిమి చూసుకున్నారు. భార్య వైపు తిరిగారు.

"చెయ్యేం పాడవలేదంట కామేశ్వరీ. అసలు బాగుపడనే లేదంట. బండి పంపించెయ్యి."