మంచి నక్షత్రం

మాలతికి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. కూతురు హరితకు కుప్పం సర్కారు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చిందని వీధంతా మైసూరుపాకు పంచారు. ఆ తీపి నోట్లో ఉండగానే ఆర్డరు ఆపేశారు. పిల్ల ఈ దేశపు పౌరురాలో కాదో తేల్చాలట! పుంగనూరులో పుట్టి కుప్పంలో పెరిగిన పిల్లకు ఇదేం ఖర్మ?

మదనపల్లె లాయరు నరేంద్ర విడమరిచి చెప్పాడు.

“సూడమ్మా, మీ ఆయన ఈడోడే. నువ్వేమో చిన్నప్పుడు సిలోన్ నుంచి పాస్‌పోర్టు లేకుండా పడవలో వచ్చినావు. పార్లమెంటులో చట్టం మార్చినారు. రెండువేల నాలుగు డిసెంబరు మూడుకు ముందు పుట్టుంటే తండ్రి ఒక్కడు ఈడోడైతే చాలు. ఆ రోజు నుంచి పుట్టినోళ్లకు తల్లి అట్లా వచ్చినామె అయితే చెల్లదు. మీ పాపది డిసెంబరు పది అని ఉండాది.”

“అయ్యో, అది నవంబరులోనే పుట్టింది సార్!”

నిజమే, పుట్టింది నవంబరులోనే. పిల్ల పుట్టిన నక్షత్రం తండ్రికి గండమని అత్త నారాయణమ్మ అప్పట్లో గగ్గోలు పెట్టింది. శాంతి చేయించి, నూనెలో పిల్ల నీడ చూపించాకే కొడుకు లక్ష్మీపతిని కూతురి మొహం చూడనిచ్చింది. అంతటితో ఊరుకుందా మహాతల్లి? రేపు సంబంధాలు చెడకూడదని పంచాంగం చూపించి, మంచి నక్షత్రం ఏరి, ఆ రోజే పుట్టిందని మున్సిపాలిటీలో రాయించేసింది. కాన్పు ఇంట్లోనే జరిగింది. పురుడు పోసిన మంత్రసాని ఎప్పుడో పోయింది.

మదనపల్లెలో విచారణ రోజున నారాయణమ్మ అధికారి ముందు గుండెలు బాదుకుంది.

“నా నోట్లో మన్ను పడ! నేనే రాయించినా సార్. ఏం శిక్ష ఏస్తారో నాకెయ్యండి. బిడ్డనేం అనొద్దండి.”

“నీ ఒక్క మాట మీద తారీఖు మార్చలేనవ్వా,” అన్నాడాయన.

“మరి నేను యా దేశం దాన్ని సార్?” అంది హరిత.

ఆయన ఫైలులో పుట్టిన తేదీ మీద వేలు పెట్టి చూపించాడు. ఆ చట్టం ఆయన చేసిందా పాపం?

మాలతి లేచి నిలబడింది. తను ఏమైపోయినా సరే, పిల్ల ఈడదే కావాలి.

“అది నా బిడ్డ కాదు సార్. నేను కన్లేదు. వాళ్ల నాయన యాడో కని తెచ్చినాడు, నేను సాకినానంతే. నా పేరు కొట్టేయండి.”

లక్ష్మీపతి తల వంచుకున్నాడే కానీ కాదనలేదు.

అధికారి హరిత వైపు తిరిగాడు. “ఏమ్మా, ఈమె మీ అమ్మ కాదా?”

మాలతి మళ్లీ కూర్చుంటూనే బల్ల కింద కూతురి చెయ్యి గట్టిగా గిల్లింది. కాదను, నీకు దండం పెడతా, కాదని చెప్పవే అని కళ్లతోనే బతిమాలింది. హరిత చెయ్యి విడిపించుకోలేదు.

“మా అమ్మే సార్.”

“కొంప ముంచితివి కదే పాపిష్టిదానా!” అంటూ మాలతి దాని వీపు మీద దబదబా బాదింది. బాదుతూనే గట్టిగా వాటేసుకుంది.