కిటికీ పక్క మంచం మీది ఫ్యాన్

నమ్ముతె నమ్ముండ్రి, లేకుంటే లేదు. ఆ పాత ప్రసూతి దవాఖానల కరెంట్ పోతే అన్ని ఫ్యాన్లు ఆగుతయి గని, బాలింతల వార్డుల కిటికీ పక్క మంచం మీది ఫ్యాన్ ఆగదు. మెల్లగ తిరుగుతనే ఉంటది. కొత్తగ వచ్చిన నర్సులు అటు దిక్కు పోనే పోరు. ఆయా సమ్మమ్మ మాత్రం చీపురు చంకల వెట్టుకోని, అది మా పద్మ, మిమ్ముల ఏమంటదే అని వాళ్లను కసురుతది.

పద్మలత మల్లికార్జున్ భార్య. ఆయన ఆ దవాఖానల ఎలక్ట్రీషియన్. పేరుకే ఎలక్ట్రీషియన్, నల్లా కారినా, తలుపు ఊడినా, గోడ పెచ్చులూడినా ఆయన్నే పిలుస్తరు. పద్మ ఆ మంచం మీదనే బిడ్డ దీపను కన్నది. నెత్తురు ఆగలే. నడి ఎండకాలం, కరెంట్ లేదు. "ఉడుకపోస్తాంది, జర ఫ్యాన్ సంగతి చూడు" అన్నది. ఆయన ఉరికి ఫ్యూజు ఏసి వచ్చెటాళ్లకు ఫ్యాన్ తిరుగుతాంది, మనిషి లేదు. అప్పటి సంది ఆ ఫ్యాన్ ఆగింది లేదు.

ఇప్పుడు దవాఖాన ఎనక జాగల కొత్తది కడతాండ్రు. నక్షా గీసేది తేజస్వి అని ఏఈ, ఇంజనీర్ మేడం. చిన్న వయసే గని పని మీద మనసున్న పిల్ల. కొత్తది లేచెదాక పాతదాంట్ల ఏ వార్డు నడపాలె, ఏ వార్డుకు తాళమెయ్యాలె అనేది కూడ ఆమె చేతులనే ఉన్నది. ఆ మాట ఇన్నప్పటి సంది మల్లికార్జున్‌కు నిద్ర లేదు. తాళమేస్తే పద్మ యాడికి పోతది? ఆమెకు తెలిసింది ఆ మంచమొక్కటే.

తాళమేస్తరన్న భయం ముందటి సందే ఉన్నది, అందుకే ప్రతి వానకాలం స్లాబు ఉబ్బినప్పుడల్లా గీకి, సిమెంటు పూసి, సున్నం కొట్టిండు. లోపల చువ్వలు తుప్పువట్టి పొరలు లేస్తానయని ఒక్కలకు చెప్పలే. తేజస్వి వచ్చి తెల్లటి స్లాబును చూసి, ఈ వార్డుకు ఫికర్ లేదన్నది. ఆ రోజు ఆయన కడుపునిండ తిన్నడు.

గింతల దీపకు నెలలు నిండినయి. ధర్మసాగర్‌ల అత్తగారోళ్లు హనుమకొండల ప్రైవేటుకు తీస్కపోదామన్నరు. దీప ఇనలే.

"తొలి కాన్పు తల్లిగారింట్లనే గావాలె. నాకు తల్లిగారిల్లంటే ఆ మంచమే బాపూ."

చువ్వల సంగతి అప్పుడన్న చెప్పాలె గద. నోరు రాలే. అరె, గంత తెలిసినోడు కన్నబిడ్డను ఆడ పండవెడతడా అని మీరంటరు. పెడతడు. పోయినోళ్ల మీద ప్రేమ, పావురం ముదిరితే బతికున్నోళ్లు కండ్లకు ఆనరు. నా పూత గట్టిదే అని తనకు తనే చెప్పుకున్నడు.

దీపకు ఆడపిల్ల పుట్టింది. తెల్లారి పగటీలి కరెంట్ పోయింది. ఫ్యాన్లన్ని ఒక్కొక్కటి ఆగినయి. దీప నవ్వుకుంట పైకి చూసింది. ఆ ఫ్యాన్ కూడ ఆగింది.

మల్లికార్జున్ మంచం కాడికి వచ్చిండు. అలిగినవా ఏందే పద్మా అనుకుంట తలెత్తిండు. వార్డంత సప్పుడు లేదు. ఆ నిమ్మళంల పైన ఎక్కడనో కిర్రుమన్నది. పసిగుడ్డు బట్ట మీద ఇంత సున్నం రాలింది. ఫ్యాన్ కొక్కెం సుట్టు సన్నగ గీత. ఇన్నేండ్లు ఆగనిది ఇప్పుడెందుకు ఆగిందో అప్పుడు తెలిసొచ్చింది. ఆయనను పైకి చూడుమంటాంది.

దీపను, పసిపిల్లను లేపి సమ్మమ్మతోని బయటకు పంపిండు. తర్వాత ఒక్కొక్క బాలింతను వరండలకు నడిపిచ్చిండు. పచ్చి బాలింతలను లేపుతవా అని చుట్టాలు తిట్టిండ్రు. ఆ లొల్లికి ఎనక జాగల కొలతలు తీస్తాన్న తేజస్వి ఉరికొచ్చింది.

"మేడం, అది మంచిగున్న స్లాబు కాదు. చువ్వలు తుప్పువట్టినయి. నేనే పూసి దాచిన."

ఆమె ఏమో అనబోయింది. అంతల్నే లోపల స్లాబు కూలింది. కొక్కెం, ఫ్యాన్, పెల్లలు అన్ని ఆ మంచం మీదనే. దుమ్ము వరండదాక కొట్టింది.

దీప మంచం దిక్కు చూసింది, తండ్రి దిక్కు చూసింది.

"తెలిసే పండవెట్టినవా బాపూ?"

ఆయన తల దించుకున్నడు. దీప పిల్లను ఎత్తుకోని అటు తిరిగింది.

వార్డుకు తాళం పడ్డది. మెమో ఇస్తమన్నరు, ఇయ్యుండ్రి అన్నడు. తేజస్వి ఎంబడి తిరిగి యాడయాడ పూత పూసిండో అన్ని చూపిచ్చిండు. ఆమె కోపంగనే రాసుకున్నది, గని రాసుకున్నది.

దీపను ఇంటికి తోలే నాడు సమ్మమ్మ పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికగుడ్డ పట్టుకొచ్చింది. పద్మది, ఆమెది ఒక్కటే ఊరు. కాన్పుకని వచ్చిన పిల్లను మల్ల ఎవ్వలం ఇంటికి తోలియ్యకపోతిమి, ఆడిబిడ్డను ఒట్టి ఒడితోని ఉంచుకుంటిమి అని ఏడ్చింది. తాళమేసిన తలుపు ముంగట దీప తల్లి పేరు మీద కొంగు పట్టింది. తల్లిగారోళ్లు ఆడిబిడ్డను తోలంగ పోసే ఒడిబియ్యం సమ్మమ్మ పోసి, తలుపు దిక్కు చూసి అన్నది.

"పో బిడ్డా. నీ ఇంటికి నువ్వు పో."

హసన్‌పర్తిల తండ్రింటికి వచ్చినంక కూడ దీప ఆయనతోని మాట కలపలే. అన్నం పెడితే తిన్నది, అంతే. ఆయన కూడ మాట్లాడియ్య భయపడ్డడు.

ఒకనాడు పగటీలి కరెంట్ పోయింది. పసిపిల్లకు ఉడుకపోస్తదని మల్లికార్జున్ విసనకర్ర పట్టుకోని వాళ్లు పండుకున్న అర్రలకు పోయిండు. అడుగు పెట్టంగనే గాలి తాకింది. ముందుగాల పైన ఫ్యాన్ కొక్కెం చూసిండు. గట్టిగనే ఉన్నది. తర్వాత రెక్కలు చూసిండు.

మెల్లగ తిరుగుతానయి.

దీప మేలుకోనే ఉన్నది. "కూసో బాపూ" అన్నది. "అమ్మ చూసుకుంటది."

మల్లికార్జున్ విసనకర్ర కింద పెట్టి, కడప మీద కూలవడి, పద్మ పోయిననాడు ఏడ్వని ఏడుపంత అప్పుడు ఏడ్చిండు.