సాక్షి గొంతు వచ్చేలోపు

సోమవారం పొద్దున ఎనిడ్ బస్సెక్కి, డ్రైవరుకు "గుడ్ మార్నింగ్" చెప్పి, వెళ్లి వెనక సీట్లో కూర్చుంది. అప్పుడు వినబడింది ఆ మాట, మెట్టు దగ్గర. "గుడ్ మార్నింగ్ తల్లీ," అన్నాడు డ్రైవరు ఖాళీ మెట్టుకేసి చూస్తూ. భర్త పోయాక శని, ఆదివారాలు ఆమెకి నోరు విప్పే పనే లేదు. అలా ఉంటే సోమవారానికి గొంతు వెనకబడుతుంది, పెదాలు కదిలిన కాసేపటికి గానీ మాట వినబడదు. ఆ యార్క్‌షైర్ ఊళ్లో ఒంటరిగా ఉండేవాళ్లందరికీ ఉన్నదే.

ఆమె దిగింది కోర్టు దగ్గర. జ్యూరీ పన్నెండుమందిలో ఆమె ఒకతె. మందుల షాపు దోచాడని కీరన్ అనే కుర్రాడి మీద కేసు. ఆ సమయానికి వాడు మా వంటింట్లో సింకు బాగుచేస్తున్నాడని, వాడి పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ మిసెస్ హాల్‌రాయిడ్ శుక్రవారం సాక్ష్యం చెప్పింది. వాడికున్న దిక్కు ఆవిడొక్కతే.

జ్యూరీ గదిలో టీలు అయ్యాక, జ్యూరీ పెద్దగా అందరూ ఎన్నుకున్న రోజర్ మొదలెట్టాడు. "కళ్లెత్తి చూసిందా ఆవిడ? కుర్రాడు మీ ఇంట్లోనే ఉన్నాడా అని లాయరడిగితే పెదాలు ఆడించి ఊరుకుంది. రోజు పొరబడ్డారు కదూ అనగానే 'అవునండీ' అంది! ఇరవై ఏళ్లుగా పాత కార్లు అమ్ముతున్నా. అబద్ధం వాసన పట్టలేనా?"

దోషి అని పదకొండు చేతులు లేచాయి. ఎనిడ్ చెయ్యి లేవలేదు. ఆమెకి భయం వేసింది. పోయిన వారమంతా ఆ గదిలో చక్కెర ఇటివ్వమని తప్ప మరో మాట అనలేదు.

ఆమె పెదాలు కదిలాయి. అందరూ కాసేపు ఆగాక మాట వచ్చింది. "నన్ను రెండు ప్రశ్నలు అడగండి. గబగబా."

రోజర్ నవ్వాడు. "మీ పేరు ఎనిడేనా?" ఆమె పెదాలు కదిలాయి. "మందుల షాపు దోచింది మీరేనా?"

"అవును," అని వినబడింది.

ఎవరూ నవ్వలేదు. ఆమె రెండో జవాబు, "కాదు," నిశ్శబ్దంలో వచ్చి పడింది.

"మా నాన్నక్కూడా అంతే," అంది పక్కనున్న అమ్మాయి, తల వంచుకుని. "నేనే ఫోన్ చెయ్యను."

సాయంత్రానికి కీరన్ నిర్దోషి అయ్యాడు.

బస్టాపులో చినుకులు. తీర్పు వినడానికి వచ్చిన మిసెస్ హాల్‌రాయిడ్ బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఎనిడ్‌ని గుర్తుపట్టింది. పెదాలు కదిలాయి, చాలాసేపు.

బస్సు వచ్చి తలుపు తెరుచుకుంది. "ఎక్కండి తల్లీ, తడుస్తారు," అన్నాడు డ్రైవరు.

ఎనిడ్ చేత్తోనే వద్దంది. బస్సు వెళ్లిపోయింది. ఆవిడ మాట ఇంకా రావాలి.