మూడో అంతస్తులో పోటు

ఆ భవనానికి నాలుగంతస్తులు. అన్నిటికన్నా కింద సముద్రశాస్త్రం వాళ్ళు, ఆ పైన లెక్కల వాళ్ళు, మూడో అంతస్తులో కంప్యూటర్ గ్రాఫిక్స్ వాళ్ళు, నాలుగో అంతస్తులో అంతరిక్ష భౌతికశాస్త్రం వాళ్ళు. లిఫ్టు ఉంది గానీ అది ఎక్కడ ఆగాలో దానికే తెలియదు, అందుకని అందరూ మెట్లే ఎక్కేవాళ్ళు. గ్రాఫిక్స్ గదిలో పనిచేసే ఆవిడ తొమ్మిదింటికల్లా మూడో అంతస్తుకి చేరి, కాసేపు గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకుని, తలుపు పక్కన అంటించిన ఆటుపోట్ల పట్టీ చూసేది. పోటు ఎన్నింటికో చూసుకుని ఆలోపే టిఫిన్ డబ్బా ఖాళీ చేసేది.

ఆవిడ పని సముద్రాన్ని గీయడం. అయిదేళ్ళ కిందట నాలుగు శాఖలూ కలిసి ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాయి. తీరంలో ఒక ముక్కని కంప్యూటర్లోకి ఎక్కించి, తుపాను వస్తే అల ఎంత లేస్తుందో, ఏ వీధి దాకా వస్తుందో ముందే చూడాలని. ఉపగ్రహం పంపే కొలతలు పైవాళ్ళవి, లోతులూ ప్రవాహాలూ కిందివాళ్ళవి, సమీకరణాలు లెక్కల మాస్టారివి. అవన్నీ కలిపి తెర మీద నీళ్ళలా కనబడేట్టు చెయ్యడం ఈవిడ వంతు.

సముద్రం బాగానే కుదిరింది. మూడో ఏడు కారడం మొదలుపెట్టింది. పోటు వేళకి తెర కింది అంచు చెమ్మగిల్లి, సన్నటి ధారగా ఉప్పునీళ్ళు బల్ల మీదకి దిగేవి. మామూలు రోజుల్లో రెండు బకెట్లు, గాలి రోజుల్లో మూడు. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గులన్నీ గోడ మీద రెండడుగులు పైకి జరిపి, సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. తడిసిన కాగితాలు డాబా మీదే ఆరబెట్టుకోవాలనీ, వరండాలో తీగలు కట్టకూడదనీ ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. కింది గదిలో మాస్టారు బల్ల కాలికి గొడుగు కట్టుకుని దాని కింద లెక్కలు చేసుకునేవారు. ఆయన రిటైరై నాలుగేళ్ళయింది. గది ఖాళీ చెయ్యమని ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం. పదకొండేళ్ళుగా ఏడాదికోసారి అవే కాగితాలు, అదే సైజు ఫొటోలు. ఫొటోల్లో ఆవిడ మొహం మాత్రం ఏటా కొంచెం కొంచెం వాడిపోతూ వచ్చింది. నలభై నాలుగేళ్ళకి, ఎవరైనా "ఎలా ఉన్నారు?" అని అడిగితే "ఉన్నాను" అనడానికి కూడా ఓపిక చాలక తల ఊపి ఊరుకునేది.

నీళ్ళు ఎత్తి పొయ్యడానికి కింది నుంచి ముడి బాబాయ్ వచ్చేవాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఇరవై ఆరేళ్ళు పరిశోధన పడవ మీద పనిచేశాడు. ఒంటి చేత్తో, కళ్ళు మూసుకుని, పడవ ఊగుతుండగా తాడు ముడి వేసేవాడని పేరు. విద్యార్థులు ఆయన దగ్గర ముడులు నేర్చుకునే పరిశోధకులయ్యారు.

మూడేళ్ళ కిందట ఆ పడవ మీంచి ఒక పరికరాన్ని సముద్రంలో దించారు. అడుగున ఇనప బరువు, పైన నీళ్ళ మీద తేలే పసుపు రంగు బోయా, రెంటికీ మధ్య తాడు. బోయాకి రెండు మీటర్ల కింద, తాడుకి కట్టిన చిన్న రికార్డరు ఒకటి. టార్చిలైటంత ఉంటుంది, తానెంత లోతులో ఉన్నదీ పది నిమిషాలకోసారి రాసుకుంటుంది. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే బోయా లేదు. నాలుగు రోజులు వెతికారు. కమిటీ వేశారు. ముడి సరిగ్గా వెయ్యలేదని తేల్చారు. బాబాయ్‌ని పడవ దింపి, సీసాలు కడిగే పనిలో పెట్టారు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. ఆ నెల నుంచి లేసులు కట్టే బూట్లు మానేసి చెప్పులు తొడుక్కోవడం మొదలుపెట్టాడంతే. తర్వాత మూడో అంతస్తులో నీళ్ళు కారడం మొదలయ్యేసరికి, బకెట్లు కింద ఉన్నాయి కాబట్టి ఆ పనీ ఆయనకే పడింది.

ఆ మంగళవారం పోటు రెండున్నరకి. నీళ్ళు మామూలుకన్నా చల్లగా, ఎక్కువగా వచ్చాయి. బాబాయ్ రెండో బకెట్టు పారబోసి వచ్చేసరికి తెర కుడివైపు మూల కాస్త ఉబ్బింది. ఆవిడ కీబోర్డు పక్కకి లాగింది. నత్తగుల్లలు పట్టిన ఒక గొట్టం నెమ్మదిగా జారి బల్ల మీద పడింది. దాని వెనకే మూరెడు తాడు.

బాబాయ్ బకెట్టు కింద పెట్టాడు. వంగి చూశాడు. గొట్టాన్ని పట్టుకోలేదు, తాడునే పట్టుకుని బొటనవేలితో నాచు తుడిచాడు. ముడి అలాగే ఉంది. తాడు పైనా కిందా పీచులు పీచులుగా చిరిగింది గానీ ముడి సడల్లేదు.

"నాదే," అన్నాడు.

"మీదేనా బాబాయ్?"

"చివర ఎడం పక్కకి తిప్పుతాను. ఇంకెవరూ తిప్పరు."

ఇద్దరూ దాన్ని తువ్వాల్లో చుట్టి కిందికి తీసుకెళ్ళారు. సముద్రశాస్త్రం శాఖ పెద్ద, అందరూ సముద్రం మేడం అంటారు, గుల్లలు గీకి నంబరు చూసి, మూత విప్పింది. బ్యాటరీ చచ్చిపోయింది గానీ లోపల రాసుకున్నది చెక్కుచెదరలేదు. కంప్యూటరుకి తగిలించి ముగ్గురూ చూశారు. దించిన మధ్యాహ్నం నుంచి సాయంత్రం ఆరు దాకా రెండు మీటర్లు. ఆ తర్వాత మెట్లు దిగినట్టు తొమ్మిది, పదిహేను, ఇరవై ఆరు. చివరికి నలభై దగ్గర ఆగింది. ఆ తర్వాత పదకొండు నెలలూ నలభయ్యే.

"తాడు తెగలేదు, ముడి ఊడలేదు. ఊడితే ఇది ఏకంగా అడుక్కి చేరేది, నలభై దగ్గర ఆగేది కాదు," అంది మేడం. "అడుగున బరువే జారింది. మొత్తాన్ని లోపలికి లాక్కుపోయింది. కానీ అక్కడ అంతా చదునే కదా. మీరిచ్చిన మ్యాపు చూసే కదా దించాం."

గ్రాఫిక్స్ ఆవిడ కుర్చీ వెతుక్కుని కూచుంది.

అక్కడ చదును కాదని ఆవిడకి తెలుసు. పాత ఓడ కొలతల్లో ఆ చోట అన్నీ యాభై ఎనిమిది మీటర్లుంటే, ఒకే ఒక్కటి తొంభై ఆరు అని ఉంది. మొదటి ఏడు ఆ ఒక్క అంకె దగ్గరికి రాగానే సమీకరణాలు పిచ్చెక్కి, అల ఆకాశానికి లేచి, కంప్యూటరు ఆగిపోయేది. వారం రోజులు తంటాలు పడ్డాక మాస్టారు విసిగిపోయి "అది గొయ్యి కాదమ్మాయ్, ఎవడో నిద్దట్లో రాసిన అంకె. పూడ్చెయ్" అన్నారు. ఆవిడ ప్రోగ్రాములో రెండు వరసలు రాసి పూడ్చేసింది. చక్కటి నున్నటి అడుగు వచ్చింది. రంగులు బాగా కుదిరాయని దాన్నే పెద్ద కాగితం మీద అచ్చు వేయించి పడవ వాళ్ళకి ఇచ్చారు. అప్పుడు ఆవిడ మూడు ప్రాజెక్టుల పని ఒక్కతే చేస్తోంది. ఆ మర్నాటికి ఆ సంగతే మర్చిపోయింది.

ఆ మాట అప్పుడు పైకి రాలేదు. "మాస్టారితో మాట్లాడొస్తాను" అని మెట్లెక్కింది.

మాస్టారు గొడుగు కింద నుంచి మొత్తం విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"శుక్రవారం రివ్యూ," అన్నారు. "ప్రాజెక్టుని రెండేళ్ళు పొడిగిస్తారో లేదో అప్పుడే తేలుస్తారు. అడుగే తప్పని ఇప్పుడు తెలిస్తే అయిదేళ్ళ పనినీ అనుమానిస్తారు. ముందు నీ ఉద్యోగమే పోతుంది. సోమవారం చెబుదాం. మూడేళ్ళు ఆగిన మనిషి ఆరు రోజులు ఆగలేడా?"

"సోమవారం మీరు చెబుతారా?"

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ కాగితాల మీదకి వంగారు. గొడుగు మీద చుక్కలు పడుతున్నాయి.

ఆవిడ మొగుడు సిటీ బస్సు నడుపుతాడు. సాయంత్రం డ్యూటీ ఉన్న వారాల్లో ఇద్దరూ ఇంటి మెట్ల మీదే కలుసుకుని తాళంచెవి చేతులు మార్చుకునేవాళ్ళు. ఆ రోజూ అంతే. ఆవిడ అక్కడే మెట్టు మీద కూలబడింది. ఆయన వాచీ చూసుకుని పక్కన కూచున్నాడు. ఆవిడ చెప్పింది.

"ఆ బాబాయ్‌కి ఇంకా ఎన్నేళ్ళ సర్వీసుంది?" అన్నాడు.

"రెండు."

"నీ కాంట్రాక్టు పోతే?"

"పోతుంది. నలభై నాలుగేళ్ళకి ఇంకెక్కడ తీసుకుంటారు?"

ఆయన తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు. "నా బస్సుకి ఎవరైనా అడ్డం వచ్చినప్పుడు తప్పు వాళ్ళదే అని తెలిసినా నాకు ఒళ్ళు వణుకుతుంది. తప్పు నాదయ్యి ఇంకొకడు స్టీరింగు వదిలి దిగిపోవాల్సొస్తే ఏం చేస్తానో నాకు తెలీదు. నీకు తెలిసే ఉంటుంది," అని లేచి, "పప్పు వండిపెట్టాను, వేడి చేసుకో" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆవిడ బకెట్ల కోసం ఎదురుచూడకుండా తనే కిందికి వెళ్ళింది. బాబాయ్ తొట్టి ముందు నిలబడి సీసాలు కడుగుతున్నాడు. రికార్డరు తాడు పక్కన అలమరలో ఆరుతోంది.

"బాబాయ్, అక్కడ గొయ్యి ఉంది. నేనే పూడ్చేశాను."

మొత్తం చెప్పింది. మాస్టారి మాట చెప్పలేదు. బాబాయ్ కుళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

"మూడేళ్ళయింది తల్లీ," అన్నాడు. "ఒకళ్ళు అన్నందుకు నేను బాధపడలేదు. నేనూ నమ్మేశాను. ఆ రోజు ముడి వేస్తున్నప్పుడు మా ఆవిడ ఫోను చేసింది. మాట్లాడుతూ వేశాను. ఆ ఫోను వల్లే చెయ్యి తప్పిందనుకున్నాను. ఆవిడ ఎందుకు చేసిందో కూడా గుర్తులేదు గానీ, ఆ రోజు నుంచి ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు."

ఆవిడ ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. కోపంతో కాదు, ఇంకేమీ వినే ఓపిక లేక.

"కాసేపు నన్నిలా వదిలెయ్యమ్మా," అన్నాడు. ఆ రోజు నీళ్ళు ఆవిడే ఎత్తిపోసుకుంది.

శుక్రవారం రివ్యూలో బయటినుంచి వచ్చిన ముగ్గురు పెద్దలు పొడుగాటి బల్లకి అవతల కూచున్నారు. ఆవిడ తెర మీద సముద్రాన్ని చూపించింది. అందరూ తలలు ఊపారు. తర్వాత రికార్డరు గీసిన గీతని చూపించి, గొయ్యి సంగతి, మ్యాపు సంగతి, ముడి సంగతి చెప్పింది.

"ఈ రికార్డరు ఎక్కడ దొరికింది?" అని ఒకాయన అడిగాడు.

"మంగళవారం పోటుకి తెరలోంచి వచ్చింది."

ఆయన రాసుకున్నాడు. "ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?"

"మర్చిపోయాను. అది కూడా తప్పే."

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. మాస్టారు లేచారు. "పూడ్చమన్నది నేను," అన్నారు. "కారణం లెక్క కుదరకపోవడం." కూచున్నారు. ఆయన పక్కనుంచి అంతరిక్షం వాళ్ళ సారు కూడా లేచి, అక్కడ సముద్రం పైభాగం అరచెయ్యంత పల్లంగా ఉందని, అంటే అడుగున గొయ్యి ఉండొచ్చని ఉపగ్రహం ఒకసారి చెప్పిందనీ, ఆ వారం సూర్యుడి మీద తుపానులున్నాయి కాబట్టి కొలతని నమ్మలేక తీసేశాననీ చెప్పాడు. ముగ్గురు పెద్దలూ అన్నీ రాసుకున్నారు.

నెలన్నరకి ఉత్తరాలు వచ్చాయి. ప్రాజెక్టు సాగుతుంది గానీ ముందు లోతులన్నీ మళ్ళీ కొలవాలి, అందాకా గ్రాఫిక్స్ పని ఆపాలి అన్నారు. ఆవిడ కాంట్రాక్టు పొడిగించలేదు. బాబాయ్‌కి వచ్చింది రెండే వాక్యాల ఉత్తరం: పాత నిర్ణయం రద్దయింది, ఒకటో తేదీ నుంచి పడవ మీద చేరవచ్చు. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, సగం రోజు సెలవడిగి ఇంటికి వెళ్ళాడు. ఆయన అంతకుముందెప్పుడూ సెలవడిగినట్టు ఎవరికీ గుర్తులేదు.

ఆవిడ సొరుగు ఖాళీ చేస్తుంటే సముద్రం మేడం పైకి వచ్చింది.

"కొలవడానికి మనిషి కావాలి. ఆరు నెలల పని, తర్వాత చూద్దాం. పడవ మీద ఉండాలి."

"నేనెప్పుడూ పడవెక్కలేదు మేడం."

మేడం ఆవిడ మొహంలోకి చూసింది. "ఎప్పుడూ?"

"గీయడానికే సరిపోయింది."

"సోమవారం ఏడింటికి రండి. ఎవరు తీసుకొమ్మన్నారని మాత్రం నన్నడక్కండి, ఆయనకి ఇష్టం ఉండదు."

సోమవారం రేవు దాటిన పావుగంటకే ఆవిడకి కడుపులో తిప్పింది. రెండుసార్లు వాంతి చేసుకుంది. బాబాయ్ పక్కకి వచ్చి "కిందికి చూడకు తల్లీ, దూరంగా చూడు" అని నిమ్మకాయ ఒకటి చేతిలో పెట్టి తన పనికి వెళ్ళిపోయాడు. ఆ చోటికి చేరేసరికి పదకొండయింది. పడవ వరసలు వరసలుగా దున్నినట్టు తిరుగుతుంటే, ఆవిడ పరికరం ముందు కూచుని అంకెలు పైకి చదివింది. యాభై ఎనిమిది. యాభై ఎనిమిది. అరవై ఒకటి. డెబ్బై తొమ్మిది. తొంభై ఆరు. నూట రెండు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు బాబాయ్, వెనక నుంచి.

"నూట రెండు."

"ఊఁ," అన్నాడు. చాలాసేపు పడవ పక్కకి వంగి నీళ్ళకేసి చూశాడు. అక్కడ నీళ్ళు మిగతా చోట్ల ఉన్నట్టే ఉన్నాయి.

రెండింటికి ఆ రోజు వరసలు పూర్తయ్యాయి. తిరుగు దారిలో ఎండ ఏటవాలుగా పడుతోంది. పుస్తకంలో అంకెలన్నీ రాసి మూసి, కాసేపు నడుం వాలుద్దామని ఆవిడ వెనకవైపు తాళ్ళ చుట్టల మీద ఒరిగింది. అంతే, నిద్రపోయింది. చెప్పులు కూడా విప్పలేదు. చెయ్యి చుట్ట మీంచి జారి, పడవ ఊగినప్పుడల్లా ఊగుతోంది.

బాబాయ్ ఆ చేతిని పొట్ట మీదకి తెచ్చి పెట్టాడు. మొహం మీద ఎండ పడకుండా ఒక పాత టార్పాలిన్ మడిచి నిలబెట్టాడు. తర్వాత ముందుకి నడిచి, పడవ నడిపేవాడి భుజం తట్టి, తొందరేం లేదు, నెమ్మదిగా పోనిమ్మన్నాడు.